పల్లె వైద్యుని పనిభారము – సంఘబలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెటూరిలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనిన అది సామాన్య విషయము కాదు. చెదలకును, వాన చినుకులకును, పాలకుల మరపునకును, చందా బకాయిలకును ఓర్చి నిలువవలెను. ఎవరో ఒకరు ప్రతి సాయంకాలము తలుపు తీసి, దీపము వెలిగించి, పత్రికను బల్లపై పరచవలెను. ఆ ఎవరో ఒకరికి ముందుగా నా కృతజ్ఞతలు.

నేను వైద్యుడను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పెక్కేండ్లు పనిచేసి విశ్రాంతి పొందినవాడను. పుస్తకములను గూర్చి మాటలాడుటకు నాకంటె అర్హులు ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నన్ను నాలుగు ఆరోగ్య సూత్రములు చెప్పుమని కోరిరి. నీరు కాచి త్రాగుడు, చేతులు కడుగుకొనుడు అని చెప్పి కూర్చుండుట నాకును సులభమే. కాని అవి మీకు తెలియనివి కావు. మీకు అంతగా తెలియని విషయమొకటి కలదు. మీరు చీటీ చేతబట్టుకొని గోడవారగా నిలుచున్నప్పుడు, ఆ గోడకు ఆవలి వైపున కూర్చున్న వైద్యుని స్థితి ఎట్టిది? ఆ స్థితిని మార్చుకొనుటకు వైద్యులు సంఘముగా కూడుట న్యాయమా, అన్యాయమా? ఈ రెండు ప్రశ్నలే నేటి నా ప్రసంగ విషయము.

గ్రంథాలయములో సంఘముల మాట ఎందుకని ఎవరైన అడుగవచ్చును. మన ప్రాంతములో ఈ రెండును తోబుట్టువులు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణములో చదువుకొనుటయు, కూడి మాటలాడుకొనుటయు జంటగా పెరిగినవి. సభ జరుపుకొనుటకు సర్కారు అనుమతి తెచ్చుకొనవలెనని గస్తీ 53 శాసించిన కాలములో, నలుగురు కూర్చుండుటకు చోటిచ్చినది గ్రంథాలయమే. 1930లో జోగిపేట ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డిగారును, 1931లో దేవరకొండ సభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారును పాలమూరు బిడ్డలే. వెట్టిచాకిరిని ఎదిరించిన సంఘము ఈ నల్లగొండ నేలమీదనే బలపడినది. ఒంటరిగా మ్రొక్కినప్పుడు దొరకనిది పదిమంది కూడి అడిగినప్పుడు దొరకునను పాఠమును మన తాతలు పుస్తకములో చదువలేదు, బ్రతికి నేర్చిరి. ఆ పాఠము చదువుకున్న వైద్యునికి వర్తించునా అనునది విచారింపదగిన ప్రశ్న. హైదరాబాదులో వైద్య విద్య చదివి కార్మికోద్యమ నిర్మాతలలో ఒకరైన డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ వంటి వారు మనకుండిరి. కాని వారు ఇతరుల కొరకు సంఘములు కట్టిరి. వైద్యుడు తన కొరకు సంఘము కట్టుకొనవచ్చునా?

మొదట కుటుంబ వైద్యుడనగా ఎవరో చెప్పుకొందము. గుండెకు ఒకరు, కంటికి ఒకరు, ఎముకకు ఒకరు చొప్పున నిపుణులు పట్టణమున నుందురు. కుటుంబ వైద్యుడు అవయవమును గాక మనిషిని చూచువాడు. తాతకు రక్తపుపోటు, తల్లికి రక్తహీనత, కోడలికి కాన్పు, పసిబిడ్డకు టీకా, ఇంటాయనకు త్రాగుడు, ఇవన్నియు ఒకే కప్పుక్రింద నున్నవని ఎరిగి వైద్యము చేయువాడు. ఎవరికి మందు చాలును, ఎవరిని పెద్ద దవాఖానకు పంపవలెను అని తేల్చువాడును అతడే. మన పల్లెలలో ఈ పని ఒకరిది కాక నలుగురి మధ్య పంచబడి యున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి, మండల కేంద్రములో బోర్డు కట్టుకున్న ప్రయివేటు వైద్యుడు, ఊరిలోని ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు, చివరకు మీరు డాక్టరని పిలుచు ఆర్.ఎం.పి. ఈ చివరివానికి వైద్య పట్టము లేదు. చేయరాని సూదులు చేయుట, ఇయ్యరాని మందులు ఇచ్చుట అతనివలన జరుగుచున్నది. ఐనను అర్ధరాత్రి తలుపు తట్టిన లేచువాడు అతడొక్కడే అయినప్పుడు, తప్పంతయు తలుపు తట్టినవానిది కాదు.

ఇక లెక్కకు వత్తము. స్వాతంత్ర్యమునకు ముందు, 1946లో, భోర్ సంఘము దేశమంతటికి ఒక ఆరోగ్య ప్రణాళికను సమర్పించినది. అప్పటి పేదరికమును గమనించి, తాత్కాలికముగానైన 40,000 జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రమును, అందు ఇద్దరు వైద్యులను ఉంచుడని చెప్పినది. అనగా 20,000 మందికి ఒక వైద్యుడు. ఇది వారి దృష్టిలో గమ్యము కాదు, మొదటి మెట్టు మాత్రమే. 1952లో సమాజాభివృద్ధి పథకముతో పాటు ఆరోగ్య కేంద్రములు వెలయసాగినవి. తరువాత మైదాన ప్రాంతములలో 30,000 జనాభాకు ఒక కేంద్రమని నియమము స్థిరపడినది. ఆ కేంద్రమున ఒక్క వైద్యుడే యున్నచోట 30,000 మందికి ఒక్కడన్నమాట. భోర్ సంఘము తాత్కాలికమని చెప్పిన మెట్టును సైతము మనము అన్నిచోట్ల ఎక్కలేదు.

ఉదయము 9 గంటలకు చీట్లు వ్రాయుట మొదలగును. ఒంటిగంట వరకు నాలుగు గంటలు, అనగా 240 నిమిషములు. వానకాలమున జ్వరములు ముదిరిన దినములలో నూరు చీట్లు తెగుట మాలో ప్రతివాడును ఎరిగినదే. 240ని 100చేత భాగింపుడు. ఒక్కొక్కరికి రెండు నిమిషముల ఇరువదినాలుగు సెకనులు వచ్చును. అందులో మీరు లోనికి వచ్చి కూర్చుండవలెను, బాధ చెప్పవలెను, నేను నాడి చూడవలెను, వ్రాయవలెను, మందు ఎట్లు వాడవలెనో చెప్పవలెను. ఇది మా ఒక్క కేంద్రపు కథ కాదు. 67 దేశములలో వైద్యుడు ఒక రోగికి ఎంతసేపు కేటాయించునో పరిశోధకులు లెక్కగట్టి 2017లో ప్రకటించిరి. స్వీడను దేశమున ఇరువదిరెండు నిమిషములకు పైగా, బంగ్లాదేశమున ఒక నిమిషము కూడ లేదు. మన దేశపు లెక్క రెండు నిమిషముల పైచిలుకు.

చీట్లతో పని తీరదు. మధ్యాహ్నము క్షయరోగుల జాబితా, గర్భిణుల జాబితా, టీకాల జాబితా, రక్తపుపోటు, మధుమేహ రోగుల జాబితా. పాఠశాలకు ఒక దినము, అంగన్‌వాడీకి ఒక దినము. జిల్లా కేంద్రమున సమీక్షా సభ. ఒకే సంఖ్యను ఒక రిజిస్టరులో వ్రాసి, మరల కంప్యూటరులో ఎక్కించి, మరల ఫోనులో పంపవలెను. ఉన్న వైద్యుని మరియొక కేంద్రమునకు డిప్యుటేషన్‌పై పంపినప్పుడు, ఇక్కడ తలుపు తెరచియే యుండును, కుర్చీ ఖాళీగా నుండును.

రెండు నిమిషములైతేనేమి, మాత్రలు దొరకినవి గదా అని మీలో కొందరనుకొనవచ్చును. అందువలన మనకు కలుగు నష్టమును మన నేలనుండియే చూపెదను. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతములు ఫ్లోరిన్ నీటివలన ఎంత నలిగినవో మీకు చెప్పనక్కరలేదు. నేడు నల్లాలో శుద్ధజలము వచ్చుచున్నను, ముందే బిగిసిన కీళ్లు సడలవు. అట్టి మనిషి నడుము నొప్పియని వచ్చినప్పుడు, తీరికలేని వైద్యుడు నొప్పి మాత్ర వ్రాసి పంపును. ఆ మాత్రను ఏండ్ల తరబడి మ్రింగిన మూత్రపిండములు చెడును. తీరికగల వైద్యుడు ఏ ఊరు, ఏ నీరు, ఎన్ని మాత్రలు మ్రింగుచున్నావు అని అడుగును. మహబూబ్‌నగర్ ప్రాంతములో మత్తుమందు కలిపిన కల్లు మరియొక పీడ. అది దొరకని దినమున అలవాటుపడినవానికి చేతులు వణకును, మాట తప్పును, మూర్ఛ వచ్చును. తీరికలేని వైద్యుడు పిచ్చియని వ్రాసి పట్టణమునకు పంపును. తీరికగలవాడు కల్లు ఎన్నటినుండి మానినావని అడుగును. వలస కూలి సంగతియు అంతే. పూనాలోనో బొంబాయిలోనో మొదలుపెట్టిన క్షయ మందును, దసరాకు ఇల్లు చేరినప్పుడు మధ్యలో విడుచును. ఎక్కడ మొదలైనది, ఎక్కడ ఆగినది అని విచారించుటకే పది నిమిషములు కావలెను.

నా అనుభవములో నొకటి చెప్పెదను. ఒక వృద్ధ రైతు రక్తపుపోటు మాత్రలు తీసుకొనిపోవుట, నడుమ మానుట, మరల తలతిరిగి వచ్చుట, ఇట్లు రెండు మూడు పర్యాయములు జరిగినది. అందరివలెనే అతనికిని మాత్రలు మానవద్దని చెప్పి పంపుచుంటిమి. ఒక ముసురు దినమున రోగులు పలుచగా వచ్చిరి. కూర్చుండబెట్టి తీరికగా అడుగగా అతడు చెప్పినది వినుడు. "అయ్యా, పదిహేను దినాలకే గోలీలిస్తరు. వచ్చిన ప్రతిసారి బస్సు కిరాయి, ఒకనాటి కూలి పోతది. పైసలున్న నెల రెండుసార్లొస్త, లేని నెల ఒకసారొస్త." రోగము అతని మొండితనములో లేదు, మా పంపిణీ పద్ధతిలో నున్నది. అతనికి నెలకు సరిపడ మాత్రలు ఒకేసారి ఇచ్చు ఏర్పాటు చేసితిమి. అతని ప్రయాణము సగమైనది, మా వరుసలో ఒక చీటీ తగ్గినది. వైద్యుని పనిభారమును తగ్గించునది రోగి ఖర్చును కూడ తగ్గించెను. ఈ చిన్న విషయమునందే నా ప్రసంగ సారాంశమంతయు కలదు. వైద్యుని తీరిక వైద్యుని సొత్తు కాదు. అది రోగి సొత్తు.

మరి ఇంతకాలము ఈ భారము ఎందుకు తగ్గలేదు? మన దృష్టి ఎప్పుడును పెద్ద దవాఖాన మీదనే నిలిచినది. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు, తొలి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. గుండె కోత, మూత్రపిండపు కోత పేదవానికి అందుబాటులోనికి వచ్చినవి. అది గొప్ప మేలు, నేను కాదనను. కాని గుండె చెడిన తరువాత లక్షలు వెచ్చించు పథకము, గుండె చెడకుండ చూచు రెండు నిమిషములను నాలుగు నిమిషములు చేయలేదు. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో, 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. మన బిడ్డలు మన జిల్లాలోనే వైద్యులగుచున్నారు. సంతోషము. కాని ఆ విద్యార్థులలో ఎందరు పల్లె వైద్యమును జీవిత వృత్తిగా కోరుచున్నారు? నిపుణుడైనవాడే వైద్యుడనియు, ఆరోగ్య కేంద్రము పై చదువునకు ముందు గడుపవలసిన సత్రమనియు వారికి తోచుచున్నచో, ఆ తప్పు వారొక్కరిది కాదు. కుటుంబ వైద్యమునకు మన కళాశాలలలో దొరకిన పీట చాల చిన్నది.

ఇట్టి స్థితిలో వైద్యులు కూడి అడుగవచ్చునా? వైద్యుని నారాయణునితో పోల్చుట మన ఆచారము. ఆ పోలికలో గౌరవమున్నది, ప్రమాదమును ఉన్నది. దేవుడనిన తరువాత వానికి నిద్ర, ఆకలి, జీతము, సెలవు ఉండవు. నయమైన దేవుడు, నయము కానిచో దోషి. దోషియైన దేవునిపై చేయి చేసుకొనుటయు నేడు చూచుచున్నాము. వైద్య సిబ్బందిపై దౌర్జన్యమునకు మూడేండ్ల వరకు శిక్ష విధించు చట్టము 2008లో ఉమ్మడి రాష్ట్రమున వచ్చినదనిన, దాని అవసరము ఎంతవరకు వచ్చినదో గ్రహింపుడు. వైద్యుడు దేవుడు కాడు, పనివాడు. పనివానికి సంఘము కట్టుకొను హక్కు కలదు. కాని అతని పని ప్రాణముతో ముడిపడినది గనుక, ఆ హక్కును వాడు పద్ధతి వేరుగా నుండవలెను. వేరుగా అనగా ఎట్లు? ఇతర దేశముల చరిత్రలో ఇందుకు రెండు నిదర్శనములు కలవు.

మొదటిది కెనడా దేశమున సస్కాచెవాన్ రాష్ట్రము. గోధుమ పండించు రైతుల నేల. 1962 జూలై 1న అక్కడి ప్రభుత్వము ప్రజలందరికి ప్రభుత్వ ఖర్చుతో వైద్యమందించు చట్టమును అమలులో పెట్టినది. తమ స్వేచ్ఛ పోవునని వైద్యులు ఆ దినముననే సమ్మెకు దిగిరి. ఇరువదిమూడు దినములు సాగినది. ప్రభుత్వము బ్రిటనునుండి వైద్యులను రప్పించినది. చివరకు ఒప్పందము కుదిరినది, కాని చట్టము నిలిచినది. తరువాత ఆ పద్ధతి దేశమంతట వ్యాపించినది. సంఘబలము తక్కువై వారు వెనుకకు తగ్గలేదు. ఆ బలమును రోగికి మేలుచేయు పథకమునకు ఎదురుగా నిలిపిరి గనుక తగ్గవలసి వచ్చినది.

రెండవది బ్రిటను. అక్కడ 1948 జూలై 5 నుండి ప్రతి పౌరునికి ఉచిత వైద్యము కలదు. ప్రతి కుటుంబము ఒక వైద్యుని వద్ద పేరు వ్రాయించుకొనును. తలకింత చొప్పున వైద్యునికి సొమ్ము ముట్టును. ఖర్చులు మాత్రము అందరివి కలిపి సగటు చూచి ఇచ్చెడివారు. తన సొమ్ముతో నర్సును పెట్టుకొని, మంచి గది కట్టించినవాడు నష్టపోయెను. ఇరుకు గదిలో ఒంటరిగా, వేగముగా చూచి పంపినవాడు లాభపడెను. మంచివానిని శిక్షించి, తొందరవానిని మెచ్చు పద్ధతి అది. 1965లో కుటుంబ వైద్యుల సంఘము వారు తేదీ వేయని రాజీనామా పత్రములను పోగుచేసిరి. సుమారు 18,000 మంది సంతకములు చేసిరి. ఆ పత్రములు సంఘము పెట్టెలోనే యుండెను గాని ఏ రోగియు వాకిటినుండి మరలిపోలేదు. సంఘము తన కోరికలను ఒక పత్రముగా ప్రకటించినది. ప్రతి రోగికి చాలినంత సమయము, చక్కని గది, తోడు నర్సు, క్రొత్త విద్య నేర్చుకొను వీలు, న్యాయమైన రాబడి, కొంత విశ్రాంతి. చూచితిరా? ఆ జాబితాలో మొదట నిలిచినది రోగికి సమయము. అప్పటి ఆరోగ్య మంత్రి కెన్నెత్ రాబిన్‌సన్, స్వయముగా ఒక వైద్యుని కుమారుడు, వారితో కూర్చుండి మాటలాడెను. 1966లో ఒప్పందము కుదిరినది. నర్సుల, సహాయకుల జీతములో నూటికి డెబ్బది వంతులు, గదుల అద్దె ప్రభుత్వము భరించుటకు ఒప్పుకొన్నది. రాజీనామాలు అందజేయు అవసరమే కలుగలేదు. మనలో పెక్కు కుటుంబముల బిడ్డలు వైద్యులై తరువాతి దశాబ్దములలో ఆ దేశమునకు పోయి, ఆ పద్ధతిలోనే పనిచేసిరి.

అక్కడ అంతటితో సమస్య తీరినదని చెప్పను. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వేల్సు దేశపు బొగ్గుగనుల పల్లె వైద్యుడు, ఎవరికి వైద్యము ఎక్కువ కావలెనో వారికే తక్కువ అందుచున్నదని వ్రాసి లోకమును కదిలించెను. మర్రిగూడలోనో, కొల్లాపురములోనో కూర్చుండి వ్రాసినను అదే మాట వ్రాసియుండును. 2024 ఆగస్టులో ఇంగ్లండు కుటుంబ వైద్యులు మరల సంఘటిత చర్యకు దిగిరి. వారు చేపట్టదగిన చర్యలలో ఒకటి, దినమునకు 25 మందికి మించి చూడకుండుట. మా నూరు చీట్ల ముందు ఆ సంఖ్యను ఉంచి ఆలోచింపుడు. వారిని నేను ఎగతాళి చేయను. 25 అనునది రోగికి న్యాయము చేయగల హద్దని వారు కూడి నిర్ణయించుకొనిరి. మాకు అట్టి హద్దు ఒకటి ఉండవచ్చునను ఊహయే ఇంకను కలుగలేదు.

ఇక మన ఇంటి సంగతి. 2021 మే నెలలో కరోనా ఉధృతముగా నున్నప్పుడును, 2024 జూన్ నెలలోను తెలంగాణ జూనియర్ వైద్యులు సమ్మె చేసిరి. భృతి సంగతి వారి బాధలలో ముఖ్యమైనది. 2024 ఆగస్టు 17న, కలకత్తాలో ఒక యువ వైద్యురాలి దారుణ హత్య పిమ్మట, దేశవ్యాప్తముగా వైద్యులు ఒక దినము ఓ.పి. నిలిపివేసిరి. అత్యవసర సేవలు మాత్రము ఆపలేదు. కుటుంబ వైద్యమునకు అతి సమీపమైన ఉదాహరణము పొరుగు రాష్ట్రమున కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో కుటుంబ వైద్యుడను పథకము ఆరంభమైనది. ఒక్కొక్క ఆరోగ్య కేంద్రమున ఇద్దరు వైద్యులుండి, ఒకరు కేంద్రమున కూర్చుండగా మరియొకరు పల్లెలకు పోవలెనను ఊహ అందులో ఉండెను. ఆ ఊహ మెచ్చదగినది. 2024లోను, మరల 2025లోను అక్కడి ఆరోగ్య కేంద్రముల వైద్యులు ఆందోళన చేసి విధులను బహిష్కరించిరి. పల్లెలలో పనిచేసిన వైద్యులకు పై చదువులో కేటాయించు సీట్లను తగ్గింపవద్దనునది వారి ప్రధానమైన కోరిక.

ఆ కోరిక న్యాయమైనదే. పల్లెకు రమ్మని పిలిచి ఆశ చూపినవారు, వచ్చిన తరువాత ఆశను తగ్గింపరాదు. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. పై చదువు సీటు పల్లె వదలి పోవుటకు దారి. ఆ సీటు దొరకిన వైద్యునికి మేలు, అతడు పోయిన పల్లెకు మరల ఖాళీ కుర్చీ. ఆ సమ్మె దినములలో మూతబడిన కేంద్రమునుండి తిరిగిపోయిన గర్భిణికి, ఈ సమ్మె నా కొరకు కూడ జరుగుచున్నదని ఎవరు చెప్పగలరు? 1965 నాటి జాబితాకును దీనికిని నడుమ ఉన్న భేదము ఇదియే.

కావున మా వైద్య సోదరులకు నేను చెప్పదలచినవి మూడు మాటలు. మొదటిది, కోరికల పట్టికలో రోగికి కావలసినది మొదట వ్రాయుడు. ప్రతి కేంద్రమునకు రెండవ వైద్యుడు, లెక్కలు ఎక్కించుటకు ఒక గుమాస్తా, దీర్ఘరోగులకు నెలకు సరిపడ మందులు, రాత్రి విధికి వంతుల ఏర్పాటు, వైద్య కళాశాలలలో కుటుంబ వైద్యమునకు గౌరవస్థానము. ఇవి అడిగినచో ఊరు మీ వెంట నడచును. రెండవది, అడుగుటకు మెట్లున్నవి. నల్లబ్యాడ్జి కలదు, లెక్కలు పంపకుండుట కలదు, సమీక్షా సభకు పోకుండుట కలదు. ఇవి పాలకుని నొప్పించును గాని రోగిని నొప్పింపవు. కాన్పు గది, పాము కాటు మందు, అత్యవసర ద్వారము ఏ దినమునను మూయరాదు. మూడవది, సంఘమునకు ద్వారము వెడల్పుగా నుండవలెను. 2023లో ఆశా కార్యకర్తలును, రెండవ ఏ.ఎన్.ఎం.లును సమ్మె చేసినప్పుడు మాలో ఎందరు వారి గుడారమువైపు పోయి పలుకరించితిమి? మా పనిలో సగము మోయువారు వారు. వారి జీతము మా సమస్య కాదనుకున్నంతకాలము మా పనిభారము వారి సమస్య కాదు. వెట్టికి ఎదురు నిలిచిన సంఘములో రైతును, కూలియు, చేతిపనివాడును కూడిరి గనుకనే అది నిలిచినది. వైద్యుని స్థితిని వెట్టివాని స్థితితో పోల్చుట తగదు, అతనికి జీతము, గౌరవము కలవు. కాని కూడుటలోని పాఠము అందరికిని ఒకటే.

గ్రామస్థులైన మీకును కొంత పని కలదు. సూది వేయనిదే వైద్యము కాదను నమ్మకమును విడువుడు, జలుబునకు సూది అక్కరలేదు. పాత చీట్లను ఒక సంచిలో భద్రపరచి తెండు, మీకు దొరకు రెండు నిమిషములు నాలుగగును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ప్రతి ఊరికి నియమింపబడినది. అది చివరిసారి ఎన్నడు కూడినదో సర్పంచిగారిని గౌరవముగా అడుగుడు. వైద్యుని పోస్టు ఖాళీగా నున్నచో, ఆ ఖాళీ వైద్యశాఖది కాదు, మీది. గ్రామసభలో తీర్మానము చేసి పంపుడు. వైద్యుడు తన కొరకు అడిగిన పాలకులు స్వార్థమందురు. ముప్పది ఊళ్లు తమ వైద్యుని కొరకు అడిగిన ఏమనగలరు?

గ్రంథాలయమునకు చివరిగా ఒక మనవి. ఆరోగ్య కేంద్రపు వేళలు, వైద్యుడు ఏ దినము ఏ పల్లెకు వచ్చునో తెలుపు పట్టిక ఒకటి ఈ గోడకు వ్రేలాడదీయుడు. ఏటికొకసారి వైద్యాధికారిని, ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తలను, రోగులను ఈ బల్లచుట్టు కూర్చుండబెట్టుడు. చీటీ వరుసలో ఎదురెదురుగా నిలుచువారు ఒక బల్లచుట్టు ప్రక్కప్రక్కన కూర్చున్నప్పుడు మాట మారును. ఆ సభలో వ్రాసిన కోరికల పట్టికపై వైద్యుని సంతకము క్రింద రోగి వ్రేలిముద్ర కూడ ఉండవలెను. అట్టి కాగితము మన రెండు జిల్లాలలో ఒక్క మండలమునుండి బయలుదేరినను, పనిభారమని వైద్యుడును, నిర్లక్ష్యమని రోగియు ఒకరినొకరు నిందించుకొను కాలము వెనుకబడును. ఆ మొదటి కాగితము ఈ గ్రంథాలయము బల్లమీద వ్రాయబడవలెనని నా కోరిక.